హద్దురాయికి అవతల

"అడవి అమ్మేద్దాం," అంది ఐరి అత్త, బన్ను ముక్కను కాఫీలో ముంచుతూ. బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా అంది.

ఎన్సియో తల ఎత్తలేదు. పొయ్యి దగ్గర బంగాళదుంపలు చెక్కుతున్న అతని కూతురు హిల్యా చేతిలో కత్తి మాత్రం ఆగిపోయింది.

ఐరి ఎన్సియోకు అక్క. తంపెరే పట్టణంలో పోస్టాఫీసులో పని చేస్తుంది. వాళ్ల నాన్న పోయాక అడవిలో సగం ఆమె పేరున, సగం తమ్ముడి పేరున పడింది. ఏటా శరదృతువులో బకెట్ పట్టుకుని వస్తుంది. పొద్దున్నే ఒక్కతే అడవిలోకి వెళ్లి, బకెట్ నిండా పుట్టగొడుగులతో తిరిగి వస్తుంది. ఎక్కడ దొరికాయో చెప్పదు. ఎవరూ అడగరు కూడా. పుట్టగొడుగుల చోటు అడగడం అక్కడ మర్యాద కాదు, తోడబుట్టినవాళ్లయినా సరే.

"కలప కంపెనీవాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ధర మంచిదే చెప్తున్నారు. కానీ నీ సగం, నా సగం కలిపి ఇస్తేనే తీసుకుంటారట."

"ఊఁ."

"ఊఁ ఏంట్రా? ఎందుకుంచుకోవాలో ఒక్క కారణం చెప్పు. ఇక ఆ మాటే ఎత్తను."

"పొయ్యిలోకి కట్టెలు..."

"కట్టెలు కొనుక్కోవచ్చు."

"నాన్న నాటిన..."

"నాన్న నాటినవన్నీ ఆ పెద్దగాలికి పడిపోయాయి. తర్వాత నువ్వు నాటినవేమో బర్చ్ పొదల్లో ఊపిరాడక చస్తున్నాయి. ఆ పొదలు కొట్టే ఓపిక నీ మోకాలికి ఉందా? ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?"

"మరి నీ పుట్టగొడుగులో?" అన్నాడు ఎన్సియో, ఒక కారణం దొరికింది కదా అని.

"పుట్టగొడుగులకి అడవి నాదే అయి ఉండాలా? ఈ దేశంలో ఎవరి అడవిలోనైనా ఎవరైనా ఏరుకోవచ్చు. రేపు అది కంపెనీదైనా ఇదే బకెట్‌తో ఇదే దారిన పోతాను. ఎవడాపుతాడు?"

అది నిజమే. పళ్లు కోసుకోవడానికీ, నడవడానికీ, చెట్టుకింద కూర్చోడానికీ అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాంటప్పుడు అడవి ఒకరి సొంతం కావడంలో అర్థమేమిటో ఎన్సియో ఎప్పుడూ ఆలోచించలేదు. చలికాలంలో చెట్లు పలచన చేశాడు, వసంతంలో నాటాడు. వాళ్ల నాన్న చేశాడు కాబట్టి తనూ చేశాడు.

"పునీతుల పండుక్కి, సమాధుల దగ్గర దీపాలు పెట్టడానికి మళ్లీ వస్తాను. అప్పటికి తేల్చుకో," అని ఐరి అత్త లేచింది. వెళ్తూ వెళ్తూ మేనకోడలి జడ మెల్లగా లాగింది. "నువ్వేమంటావే హిల్యా?"

హిల్యా చెవులు ఎర్రబడ్డాయి. "ఏమో అత్తా," అంది.

ఆ పిల్ల అంతే. పదిహేడేళ్లు నిండినా నోట్లో నాలుక లేదని ఊరంతా అంటుంది. బళ్లో టీచరు పేరు పిలిస్తే చాలు, తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోతుంది. బస్సులో ఏ సీట్లో కూర్చోవాలో స్నేహితురాలు చెబుతుంది, సినిమా ఏదో ఇంకెవరో చెబుతారు. అడవి అమ్మవద్దని మాత్రం ఆమెకు గట్టిగా ఉంది. ఎందుకు అని అడిగితే చెప్పే మాట లేదు. మాట లేనప్పుడు పని చేసి చూపించవచ్చు కదా అని ఆ సాయంత్రం పిల్లులకు పాలు పోస్తుండగా తోచింది.

మర్నాడు బడి నుంచి రాగానే కొట్టంలో మేకుకు వేలాడుతున్న మచ్చుకత్తి తీసుకుంది. పొదలు కొట్టడానికి తండ్రి దగ్గర మోటారు రంపం ఉంది. కానీ దాన్ని ముట్టనివ్వడు, ముట్టినా దాని చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. అమ్మకు ఆ నెలంతా ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ. నాన్న పశువుల దగ్గర ఉంటాడు. హిల్యా వెనక దారిన అడవిలోకి వెళ్లింది.

వాళ్ల అడవి పొడవాటి పట్టీలా ఉంటుంది. ముత్తాతల కాలంలో ఊరి అడవి పంచినప్పుడు మంచి నేల, బురద నేల, సరస్సు ఒడ్డు అందరికీ సమానంగా రావాలని నిలువునా చీల్చారు. అందుకే ప్రతి ఇంటికీ ఇటు నుంచి రాయి విసిరితే పక్కవాళ్ల అడవిలో పడేంత సన్నటి పట్టీ వచ్చింది. పొడవు మాత్రం నడిచినా నడిచినా తరగదు. హద్దు మీద అక్కడక్కడా నడుమ ఒక నిలువు రాయి, చుట్టూ చిన్న రాళ్లు పెడతారు. ఆ రాళ్లకీ రాళ్లకీ మధ్య గీత పొడవునా చెట్లకు గాట్లు పెట్టేవారు. పెద్దగాలికి ఆ గాట్ల చెట్లన్నీ పడిపోయాయి. తర్వాత ఎన్సియో, పక్క పట్టీ కలెర్వో ఒకే వసంతంలో, ఒకే బండి మీద తెచ్చిన, కలపకు పెంచే స్ప్రూస్ మొక్కల్ని నాటుకున్నారు. ఇప్పుడు అటు చూసినా ఇటు చూసినా అవే మొక్కలు, అదే ఎత్తు.

హిల్యా కాలువ దాటి, గుట్ట ఎక్కి, హద్దురాళ్లు వెతికింది. నడుమ నిలువు రాయి, చుట్టూ చిన్న రాళ్లు దొరికాయి. రాళ్లు కాస్త నల్లగా ఉన్నాయి. పిడుగు పడిందేమో అనుకుంది. దాని కుడివైపు నుంచి మొదలుపెట్టింది.

మొదట్లో ఏది అడ్డొస్తే అది నరికింది. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. పోనుపోను పని తెలిసింది. పై నుంచి కాదు, వంగి మొదట్లో కొట్టాలి. బర్చ్ కొమ్మలు గాలికి ఊగి ఊగి స్ప్రూస్ కొసల్ని రాసేస్తాయి. కొస పోయిన మొక్క వంకర పెరుగుతుంది. చుట్టూ ఉన్న పొద తీసేయగానే మధ్యలో పాలిపోయి నిలబడ్డ మొక్క మీద ఎండ పడేది. అది చూడటానికి హిల్యా ప్రతిసారీ ఒక నిమిషం ఆగేది.

కష్టమంతా రెండు మొక్కలు దగ్గర దగ్గరగా ఉన్న చోటే. రెండూ ఉంటే రెండూ చెడతాయి. ఒకటి పోవాలి. అడుగుదామంటే పక్కన ఎవరూ లేరు. హిల్యా చుట్టూ తిరిగి చూసేది. మొదలు లావెంత, కొస నిటారుగా ఉందా, కింది కొమ్మలు ఎండాయా. చివరికి ఒకదాని మీద చెయ్యి వేసి "నువ్వుండు" అని గొణిగేది. రెండోది కొట్టేసేది. తప్పు చేశానా అని వెనక్కి తిరిగి చూసేది. ఇల్లు చేరి, తిండి తిని, మంచం మీద పడుకున్నాక కూడా ఆ మొక్కలే కళ్లలో మెదిలేవి. ఇవి నా కంటే ఎత్తు పెరుగుతాయి, నాకు ముప్పై ఏళ్లొచ్చేసరికి మళ్లీ పలచన చేయాలి, అప్పుడు వీటిలో దేన్ని ఉంచాలి అని లెక్కలు వేసుకునేది.

పండుగ వచ్చేసరికి గుట్ట మీద నుంచి కాలువ దాకా శుభ్రమైంది. అత్తను అక్కడికి తీసుకెళ్లి నిలబెడితే చాలు. నోరు తెరవాల్సిన పని కూడా ఉండదు.

ఐరి అత్త శనివారం పొద్దున బస్సులో దిగింది. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చి, తల్లిదండ్రుల రాయి మీద నాచు పట్టిందని తమ్ముణ్ణి తిట్టి, కాఫీకి కూర్చుంది. అత్తా, అడవిలోకి ఒకసారి వస్తావా అనే మాటను హిల్యా మనసులో నాలుగైదుసార్లు సర్దుకుంది. అనబోయేంతలో తలుపు తెరుచుకుంది. పక్కింటి కలెర్వో లోపలికి వచ్చి, టోపీ తీసి, గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాడు.

"కాఫీ తాగుతావా?" అన్నాడు ఎన్సియో.

"అబ్బే, ఇప్పుడే తాగాను. గిన్నె వేడిగా ఉంటే మాత్రం పారబోయడం ఎందుకులే."

ఒక కప్పు తాగాడు. ఈ ఏడు మంచు ఆలస్యమైందన్నాడు. అవునన్నాడు ఎన్సియో. రెండో కప్పు తాగాడు. దుప్పులు తక్కువయ్యాయన్నాడు. తక్కువేనన్నాడు ఎన్సియో. వాళ్ల సవో సీమ మనుషులు ఏ విషయానికీ తిన్నగా రారు. ఊరు చుట్టి వచ్చి గుమ్మంలో కాలు పెడతారు. ఐరికి పట్టణం అలవాటై ఓపిక పోయింది.

"కలెర్వో, నువ్వు మంచు కబుర్లు చెప్పడానికి వచ్చావా, పనుండి వచ్చావా?"

"పనేం లేదు ఐరీ. నాదో చిన్న సందేహం. మా నాయనమ్మ చెప్పేది, కొట్టంలో ఒక పొట్టి తాత ఉంటాడు, పండక్కి గిన్నెడు గంజి పెడితే రాత్రికి రాత్రి పనంతా చేసి పెడతాడని."

"అయితే?"

"నేను గంజేం పెట్టలేదు. మా అడవిలో మాత్రం పొదలన్నీ ఎవరో కొట్టేశారు."

హిల్యా చేతులు వెనక్కి దాచుకుంది.

"దొంగలా?" అన్నాడు ఎన్సియో.

"దొంగలైతే ఏదో ఒకటి పట్టుకుపోవాలి కదయ్యా. వీళ్లు పని చేసి పోతున్నారు. అదీ ఎలా? నేను చేస్తే అంత నాజూగ్గా రాదు. ఒక్కో మొక్క చుట్టూ కూర్చుని చేసినట్టుంది. మోటారు రంపం కాదు, మచ్చుకత్తి. ఈ రోజుల్లో మచ్చుకత్తి ఎవడు పడతాడు?"

ఎన్సియో నెమ్మదిగా కూతురి వైపు తిరిగాడు. కొన్నాళ్లుగా గిన్నెలు కడిగేటప్పుడు ఆ పిల్ల చేతులు దాచుకోవడం అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. "హిల్యా. ఏదీ, చేతులు."

హిల్యా అరచేతులు చాపింది. బొబ్బలు ఆరి గట్టిపడ్డాయి. "మనదే అనుకున్నాను," అంది, వినీ వినబడకుండా.

ఐరి అత్త పగలబడి నవ్వింది. "నాలుగు తరాల అడవి! హద్దెక్కడో ఇంటివాళ్లకే తెలీదు! అడవి గాచిన వెన్నెలంటే ఇదే కదే!"

"నవ్వకక్కా," అన్నాడు ఎన్సియో. "ఎక్కణ్ణుంచి మొదలెట్టావమ్మా?"

"హద్దురాళ్ల దగ్గర్నుంచే నాన్నా. నడుమ నిలువు రాయి ఉంది. చుట్టూ చిన్నవి."

"నల్లగా ఉన్నాయా?" అన్నాడు కలెర్వో అనుమానంగా.

"ఉన్నాయి. పిడుగు పడిందనుకున్నా."

కలెర్వో నోట్లో కాఫీ బల్ల మీద పడింది. "పిడుగు కాదు తల్లీ! అది మేం వేటకెళ్లినప్పుడు సాసేజీలు కాల్చుకునే పొయ్యి!"

ఈసారి ఎన్సియో కూడా నవ్వాపుకోలేకపోయాడు. హిల్యాకు నేల చీలితే లోపలికి పోదామనిపించింది. అత్త చూడాల్సింది ఇంకేం లేదు. చేసిన పనంతా పక్కవాడి పాలైంది.

నవ్వులు తగ్గాక కలెర్వో లేచాడు. "ఎలాగూ ఐరి వచ్చింది. హద్దు ఓసారి నడిచి చూద్దాం."

హద్దు చూడాలంటే రెండు వైపుల వాళ్లూ కలిసి నడవాలి. ఒకవైపు వాళ్లే వెళ్లి చూసిన హద్దు అక్కడ చెల్లదు. సగం ఐరిది కాబట్టి ఆమె కూడా రావాల్సిందే. ఐరి అత్త సణుక్కుంటూ, హిల్యా వాళ్లమ్మవి రబ్బరు బూట్లు వేసుకుంది.

గుట్ట మీద ఎన్సియో కర్రతో నాచులో గుచ్చుకుంటూ వెళ్లాడు. పొయ్యి దాటి కొంత దూరం వెళ్లాక కర్ర దేనికో తగిలి టక్కుమంది. నాచు చాపలా లేచి వచ్చింది. కింద అసలు రాయి, చుట్టూ గట్టిగా బిగించిన చిన్న రాళ్లు, తర్వాతి హద్దు ఎటుందో చూపిస్తూ విడిగా మరో రాయి కనబడ్డాయి. మగవాళ్లిద్దరూ దాని వెనక చతికిలబడి, ఒక కన్ను మూసి, గీత ఎటు పోతుందో చూశారు.

గీతకు అటువైపు కలెర్వో మొక్కలు వరసగా, వెలుతురులో నిలబడి ఉన్నాయి. ఇటువైపు బర్చ్ పొద గోడలా ఉంది. ఆకులు రాలిపోయి ఉత్త రెమ్మలే, లోపల మొక్క ఉందో లేదో కూడా తెలియడం లేదు.

"అదృష్టమంటే నీదేనయ్యా," అంది ఐరి అత్త.

"ఊరికే చేయించుకునే అలవాటు నాకు లేదు," అన్నాడు కలెర్వో. "రెండు రోజులు మోటారు రంపం పట్టుకుని మీ వైపు నేను కొట్టేస్తాను. పనికి పని."

"దండగ. అమ్మేస్తున్నాం. కంపెనీవాళ్లు చూసుకుంటారు."

కలెర్వో మొహం మారింది. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఎన్సియో ఎటో చూస్తున్నాడు.

ఐరి అత్త మేనకోడలి దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతులో వెక్కిరింత లేదు. "అంత కష్టం ఎందుకు పడ్డావే? నీకేం వస్తుందని? అడవిలో తిరగాలనుంటే ఎప్పుడైనా రావచ్చు. ఎవరిదైతేనేం, బెర్రీలు కోసుకోవచ్చు. ఎవరూ కాదనరు."

"కోసుకోవచ్చు," అంది హిల్యా. చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు. "అవన్నీ నేనే ఏరి ఉంచానత్తా. ఇది ఉండాలి, అది పోవాలని. ఇప్పుడవి కలెర్వో బాబాయివి."

"నువ్వు వచ్చి చూసుకోమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నాడు కలెర్వో.

"చూడ్డం కాదు బాబాయ్. పెద్దయ్యాక పలచన చేస్తారు కదా. అప్పుడు ఏది ఉంచాలో మీరు చెప్తారు. నేను చెప్పకూడదు." ఊపిరి తీసుకుంది. "మన వైపు నేనింకా ఒక్కటి కూడా చెప్పలేదు. అమ్మేస్తే ఇంకెప్పటికీ చెప్పలేను."

ఆ పిల్ల నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు రావడం ఎన్సియో ఎప్పుడూ వినలేదు.

ఐరి అత్త పొద వైపు తిరిగింది. తర్వాత మోచేత్తో రెమ్మలు తోసుకుంటూ రెండడుగులు లోపలికి వెళ్లి, పక్కపక్కన ఉన్న రెండు స్ప్రూసుల్ని చూపించింది. "సరే, చెప్పు. వీటిలో ఏది?"

హిల్యా లోపలికి దూరింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చుట్టూ తిరిగి చూసింది. "పొట్టిది."

"పొట్టిదా? పొడుగుది కళ్లెదుట కనబడుతుంటే?"

"దానికి రెండు కొసలున్నాయత్తా. గాలికి చీలిపోతుంది. పొట్టిది ఈ ఏడాది ఎంత పెరిగిందో చూడు."

"ఒక కొస కత్తిరిస్తే సరిపోతుంది! పొట్టిది నీడలో పడి చస్తుంది."

"రెండూ ఉంచుదాం," అన్నాడు ఎన్సియో. "ఈ చలికాలం మంచు బరువుకి ఏది నిలబడుతుందో చూసి..."

"ఇదిగో, ఇదేరా నీ రోగం! అన్నీ వచ్చే ఏటికే! నాన్న ఏమనేవాడు? ముందు మొదలు చూడమనేవాడు." ఐరి అత్త తడి నాచులో మోకాళ్ల మీద కూలబడింది. కింది కొమ్మలు పక్కకు తీసి, పొడుగు మొక్క మొదలు చుట్టూ వేళ్లు పోనిచ్చింది. "చూడు, చూడు! ఎంత గట్టిగా ఉందో! దీన్ని కొట్టేస్తానంటుంది నీ కూతురు!"

"పొట్టిదాని మొదలు కూడా చూడత్తా."

"చూశాలే! నా చిటికెన వేలంత ఉంది!"

"ఐరీ," అన్నాడు కలెర్వో మెల్లగా. "నాదో చిన్న సందేహం."

"మళ్లీ ఏం సందేహం?"

"కంపెనీవాళ్లకి ఇదైతే ఏంటి, అదైతే ఏంటి?"

ఐరి అత్త తన వైపు చూసుకుంది. మోకాళ్లు రెండూ తడిసిపోయి ఉన్నాయి. చెయ్యి ఇంకా మొక్క మొదలు మీదే ఉంది.

"నువ్వు నోర్ముయ్ కలెర్వో," అంది చివరికి. ఎవరికీ చెప్పనట్టుగా మళ్లీ అంది. "పొడుగుదే ఉండాలి."

ఆదివారమంతా ఆమె ఆ మాట ఎత్తలేదు. ఒక్కతే అడవిలోకి వెళ్లి వచ్చింది. బకెట్ తీసుకెళ్లలేదు. సోమవారం బస్సుకు ముందు, కోటు వేసుకుని, హాల్లో ఫోన్ దగ్గర నిలబడి కంపెనీకి ఫోన్ చేసింది. హిల్యా బడి సంచీ భుజాన వేసుకుని మెట్ల మీదే ఆగిపోయింది.

"లేదండీ... కాదు, ధర సంగతి కాదు... ఇంట్లోవాళ్లకి దాంట్లో ఇంకా పనుంది... వచ్చే ఏడు కూడా ఉంటుంది లెండి."

ఫోన్ పెట్టేసి మెట్ల వైపు చూసింది. "అలా చూడకు. నా సగం నాదే. నీకేం రాసివ్వలేదు."

"లేదత్తా."

"మే నెలలో వస్తాను. కలెర్వోని కొట్టమను. నువ్వు పక్కనుండి చెప్పు. కానీ ఆ రెంటి జోలికి నేను వచ్చేదాకా ఎవరూ వెళ్లొద్దు. మీ నాన్నకి కూడా చెప్పు."

ఆ మధ్యాహ్నం హిల్యా బడి నుంచి వచ్చేసరికి గుట్ట మీద మోటారు రంపం చప్పుడు వినబడుతోంది. ఆమె మచ్చుకత్తి తీసుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది. అసలు హద్దురాయి దగ్గర కలెర్వో రంపం ఆపి, చెమట తుడుచుకుంటూ ఎదురు చూస్తున్నాడు.

"రా తల్లీ. ఇక్కడ మూడున్నాయి. ఏది ఉంచమంటావ్?"

హిల్యా మూడింటి చుట్టూ ఒకసారి తిరిగింది. మోకాళ్ల మీద కూర్చుని మొదళ్లు చూసింది.

"మధ్యది," అంది, అతనికి వినబడేలా.